బెండు తీసిన చేతికే తాళం

పట్నంలోని చూలై పేటలో ఎవరి బండి చక్రం వంకరపోయినా రాజలక్ష్మి షెడ్డుకు తోసుకుపోవడం రివాజు. ఆ పనిని అక్కడ బెండు తీయడం అంటారు. గుంతలో దిగబడి రిమ్ము అష్టావక్రమైనా సరే, ఆమె చక్రాన్ని స్టాండుకు బిగించి గిర్రున తిప్పుతుంది. పక్కన సుద్దముక్క ఆనిస్తుంది. గీత పడ్డచోట స్పోకుల్ని ఒకవైపు వదులు చేసి, రెండోవైపు బిగించి చక్రాన్ని దారికి తెస్తుంది. ఆఖర్న ఒక్కొక్క స్పోకునూ వేలితో మీటి చెవి పెట్టి వింటుంది. అన్నీ ఒకే గొంతుతో పలికితే పని అయినట్టు. అయిందనడానికి గుర్తుగా ప్రతి స్పోకు చివరా, దాన్ని బిగించే మర మీద నుంచి రిమ్ము దాకా, సన్నటి ఎర్రరంగు గీత గీస్తుంది. తరవాత ఎవరైనా ఆ మరను తిప్పితే గీత రెండు ముక్కలవుతుంది.

ఈ విద్య, ఎర్రగీత, స్టాండు, షెడ్డు అన్నీ తండ్రి ఆదికేశవులు ఇచ్చినవే. ఆయన పాటించిన ఒక్క ఆచారం మాత్రం ఆమెకు దక్కలేదు. ఆదికేశవులు చక్రం సరిచేశాక బండిని వెంటనే ఇచ్చేవాడు కాదు. తాళం తీసుకుని అమింజికరై దాకా తానే తోలి వచ్చేవాడు. "బెండు తీసినోడే ముందు ఎక్కాల. ఊడితే ముందు మన పళ్లు ఊడాల" అనేవాడు. ఆయన పోయాక షెడ్డుకు వచ్చినవాళ్లు చక్రాన్ని రాజలక్ష్మి చేతికి ఇచ్చారు గాని తాళం ఇవ్వలేదు. ఆడమనిషి తమ బండెక్కి బజారున పోవడం వాళ్లకు నచ్చలేదు. మొదట్లో ఒకరిద్దరితో గొడవ పెట్టుకుంది. తరవాత పక్క షెడ్డులో లేతుపని చేసే కన్నియప్పన్ ఒక ఉపాయం చెప్పాడు. అతను తోలి వస్తాడు, ఎలా ఉందో ఆమెకు చెబుతాడు. అలా పదకొండేళ్లు గడిచాయి.

"ఎట్లుండాది తమ్ముడూ?" అని ఆమె అడిగేది.

"సూపర్ అక్కా" అని అతను చెప్పేవాడు.

ఏటా ఫిబ్రవరిలో, ఎండలు ముదరకముందే, ముగ్గురు మిత్రులు మోటారు సైకిళ్ల మీద ఏలగిరి కొండకు పోయేవారు. ఆదికేశవులు మొదలుపెట్టిన యాత్ర అది. ఆయన పోయాక పెద్దరికం చెంగల్రాయుడికి వచ్చింది. సౌకార్‌పేటలో ఎండుమిరపకాయల మండీ నడిపే మనిషి, యాభై దాటినవాడు, బుల్లెట్టు తప్ప మరొకటి బండి కాదనేవాడు. రెండోవాడు కన్నియప్పన్. మూడోవాడు ఆరోగ్యసామి. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగం, ఎప్పుడూ తొందరలేని మనిషి. ముగ్గురి చక్రాలూ బయలుదేరే ముందు రాజలక్ష్మి దగ్గరికి వచ్చేవి. ఆమె సరిచేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి సాగనంపేది. ఏలగిరి ఎలా ఉంటుందో మాత్రం ఆమెకు తెలియదు.

1997లో ఆమెకు ముప్పైతొమ్మిది నిండాయి. అంతకు ముందు సంవత్సరం లైసెన్సు తీసుకుంది. తండ్రి జావా బండి మీద గోనెపట్టా తీసేసి ఇంజను విప్పి కట్టింది. యాత్రకు వారం ముందు, షెడ్డు ముందు మూడు బండ్లూ నిలబడి ఉండగా, చేతులు తుడుచుకుంటూ చెప్పింది.

"ఈసారి నేనూ వస్తా ఉండా."

చెంగల్రాయుడు టీ గ్లాసు దించాడు. "రా పాపా. దానికేముంది. కన్నియప్పన్ వెనకాల కూచో. మధ్యాన్నం అన్నం ఒండేదానికి చెయ్యి కావాల మాకు."

"నాయన బండి మీద. నేనే తోలుకుంటా."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆ మాట అక్కడే తేలిపోయేది. చెంగల్రాయుడు కాసేపు మీసం సర్దుకున్నాడు.

"రెండువందల ముప్పై కిలోమీటర్లు పాపా. ఓటేరి గ్రౌండు చుట్టూ తిరగడం గాదు. కొండమీద పద్నాలుగు మలుపులుండాయి."

"నాకు తెలీదా మామా. పదకొండేళ్లు మీ చక్రాలు చేసింది నేను. అవి దోవమీద ఎట్లా పోతాయో ఒక్కసారైనా నేను చూడొద్దా?"

"కన్నియప్పన్ చెప్తా ఉండాడు గదా."

"ఆయన చెప్తే ఆయనకు తెలిసినట్టు. నాకు తెలిసినట్టా?"

చెంగల్రాయుడు లేచాడు. సందులో నలుగురు చేరుతున్నారు. ఓడినట్టు కనబడకూడదు. "సరి. అయితే ఒక రూలు. ఎవరి బండి వాళ్లదే. దోవలో నిలిచిపోతే ఎవరూ చెయ్యి ఎయ్యరు. లారీ ఎక్కించి తిరిగిపోవాల. పైదాకా నీ చేత్తో వస్తే ప్రతి ఏడూ రా, నేను అడ్డం చెప్పను. రాలేదా, మళ్లా ఈ మాట ఎత్తగూడదు. తాళాలు, గీళాలు అడగనే గూడదు."

"ఎవరి బండి వాళ్లదే" అంది రాజలక్ష్మి. "అందరికీ గదా రూలు?"

"అందరికీ."

శనివారం తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరారు. రాజలక్ష్మి తండ్రి ఖాకీ ప్యాంటు నడుము దగ్గర కుట్టించుకుని వేసుకుంది. తల్లి చెల్లమ్మ గడపలో నిలబడి చూసి, "మీ నాయనకు కొడుకు పుట్టలేదని నా తలకాయ తిన్నాడు. ఈ పొద్దు వచ్చి చూసుకోమను" అంది. అది తిట్టో దీవెనో ఆమెకే తెలియాలి. భర్త గిరి, ప్రెస్సులో అక్షరాలు కూర్చే మనిషి, మాటలు ఖర్చు పెట్టడు. పెట్రోలు ట్యాంకు మూత బిగిసిందో లేదో చూసి, "ఆంబూరు బిర్యానీ ఒక పొట్లం" అన్నాడు. ఆమె నిమ్మకాయలు ఈసారి నాలుగు జతలు పెట్టింది.

పాత సైకిలు ట్యూబు ముక్కలో నాలుగు బండ్లకూ సరిపడే స్పోకులు చుట్టి జావా చట్రానికి కట్టుకుంది. ఎవరి చక్రానికి ఎంత పొడుగు స్పోకు కావాలో ఆమెకు ఇంట్లోవాళ్ల చొక్కా కొలతల్లా తెలుసు.

పూనమల్లి దాటేసరికి తెల్లారింది. చెంగల్రాయుడి బుల్లెట్టు ముందు. వెనక సీటుకు ఇరువైపులా స్టవ్వు, గిన్నెలు, బియ్యం, అతని దుప్పట్లు. తరవాత కన్నియప్పన్, ఆరోగ్యసామి. చివర్న జావా, దాని రెండు సైలెన్సర్ల నీలిపొగ. లారీలు ఎదురొచ్చినప్పుడల్లా రాజలక్ష్మి తారు అంచుకు దిగింది, మళ్లీ ఎక్కింది. మొదటి గంట భుజాలు రాయిలా బిగుసుకున్నాయి. రెండో గంటలో బండి తనంతట తాను పోతోందని, తను అడ్డం పడకుంటే చాలని అర్థమైంది.

శ్రీపెరుంబుదూరు దాటాక టీకొట్టు దగ్గర ఆగారు. కొట్టువాడు ఆమె ప్యాంటును చూశాడు, బండిని చూశాడు, చెంగల్రాయుడి వైపు తిరిగాడు.

"ఏం సార్, వెనకాల కూచోబెట్టుకునేదానికి చోటు లేక ఆడమనిషికి ఒక బండి ఇచ్చేసినారా?"

చెంగల్రాయుడు నవ్వబోయాడు. రాజలక్ష్మే అందుకుంది. "వెనకాల కూచుంటే దోవ కనబడదన్నా. వీళ్ల వీపులు కనబడతాయి. పొద్దస్తమానం చూసేంత అందంగా ఏమీ లేవు. టీలో చక్కెర తగ్గించు."

ఆరోగ్యసామి టీ పొలమారి దగ్గాడు. చెంగల్రాయుడు తన వీపు ఎవరికీ కనబడకుండా గోడవైపు జరిగి కూర్చున్నాడు.

వాలాజా దగ్గర ఇడ్లీలు తిన్నారు. వేలూరు దాటారు. ఎడమవైపు కొండలు, కుడివైపు పాలారు ఇసుక. పళ్లికొండ దాటి నాలుగైదు కిలోమీటర్లు పోయాక రాజలక్ష్మి ఒక సంగతి గమనించింది. ముందు పోతున్న బుల్లెట్టు తోక ఊగుతోంది. నడుము నొప్పి ఉన్న ఎద్దులా ఒకసారి ఇటు, ఒకసారి అటు. ఆమె హారను కొట్టింది. చెంగల్రాయుడు వినిపించుకోలేదు. మరో అర కిలోమీటరు పోయాక బండి అడ్డదిడ్డంగా మట్టిలోకి దిగి ఒక చింతచెట్టు కింద ఆగింది. అతను పడలేదు. గిన్నెలు పడ్డాయి.

నలుగురూ చుట్టూ చేరారు. వెనక చక్రానికి రెండు స్పోకులు మొదట్లో తెగి వేలాడుతున్నాయి. రిమ్ము ఒకవైపు లాగేసింది. చెంగల్రాయుడి ముఖం ఎర్రబడింది.

"గురువారం గదా నీ దగ్గరనించి తెచ్చినా? నూటడెబ్బై కిలోమీటర్లు గూడా రాలేదు. చూడు."

అతను మిగతా ఇద్దరి వైపు తిరిగాడు.

"ఈమె మనసంతా కొండమీద ఉండె. చేతులు ఈడ పని చేసె. ఆదికేశవులు బతికుంటే ఇట్లాంటి చక్రం బయటికి పంపునా? నేను పడి చచ్చుంటే ఎవరిది జవాబు?"

ఎండ చుర్రుమంటోంది. అతను అన్నది నిజమే అయితే ఇక కొండ సంగతి, జావా సంగతి ఎత్తక్కరలేదు. షెడ్డు తలుపులకు తాళం వేసుకోవడమే. సోమవారానికల్లా సౌకార్‌పేటంతా ఈ చక్రం కథ చెప్పుకుంటుంది.

ఆమె చక్రం ముందు మోకాళ్ల మీద కూర్చుంది. కొంగు లేదు కాబట్టి చొక్కా అంచుతో రిమ్ము మీది దుమ్ము తుడిచింది. ఒక స్పోకు చూసింది. పక్కది చూసింది. చక్రాన్ని కాస్తకాస్తగా తిప్పుతూ చుట్టూ అన్నీ చూసింది. తరవాత లేచి నిలబడింది.

"మామా, ఈ చక్రాన్ని నా తరవాత ఎవరు ముట్టినారు?"

"ఎవరు ముడతారు?"

"ఎర్రగీత చూడు. రిమ్ము మీద గీత ఈ పక్కన ఉండాది. మర మీద గీత వెనక్కి పోయింది. ఒకటి గాదు, నలభైకి నలభై. ఎవురో కూచోని తలా అరచుట్టు బిగించినారు."

చెంగల్రాయుడు వంగి చూశాడు. కన్నియప్పన్ చూశాడు. ఆరోగ్యసామి కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుని చూశాడు.

"నిన్న" అన్నాడు చెంగల్రాయుడు చివరికి, పాలారు వైపు చూస్తూ. "ఒక షాపులో చూపించినా. నువ్వు నామీద కోపంగా ఉండావు గదా. సరిగ్గా చేసినావో లేదోనని. వాడు కొంచెం వదులుగా ఉందన్నాడు. బిగించమన్నా. గట్టిగా ఉంటే మంచిదే గదా?"

"మండీలో బస్తా కుట్టేటప్పుడు దారం తెగేదాకా లాగుతావా?"

అతను వంగి, కింద పడ్డ గిన్నె ఒకటి ఎత్తాడు.

"నా కోపం నీ మీద మామా. చక్రం నాకేం చేసింది?"

ఆరోగ్యసామి చెల్లెలిని బతిమాలినట్టు అన్నాడు. "సరి, అయిందేదో అయింది. తంగచ్చీ, నువ్వు కాస్త చెయ్యి వేస్తే..."

"రూలుండాది గదన్నా. ఎవరి బండి వాళ్లదే." రాజలక్ష్మి జావా సీటు మీద దుమ్ము తుడిచింది. "వేలూరు పోయే లారీలు మస్తుగా పోతా ఉండాయి. మామను ఎక్కించి మనం బయలుదేరదాం. ఆంబూరులో బిర్యానీ అయిపోతుంది."

చెంగల్రాయుడు చింతచెట్టు మొదట్లో కూర్చున్నాడు. పంతొమ్మిదేళ్లలో ఒక్కసారీ అతను సగం దోవలో తిరిగిపోలేదు. ఒక లారీ పోయింది. ఇంకొకటి పోయింది. అతను చెయ్యి ఎత్తలేదు. మూడోది పోయాక, తల ఎత్తకుండానే, "చెయ్యి పాపా" అన్నాడు.

"చేస్తా. నాయన ఎట్లా చేసేవాడో అట్లా చేస్తా. బెండు తీసినోళ్లే ముందు ఎక్కాల. తాళం ఇయ్యి."

"నా బండి తాళమా?"

"ఊ."

"నా కొడుక్కు కూడా ఇయ్యలేదు."

"నీ కొడుకు బెండు తీస్తాడా?"

కన్నియప్పన్ మధ్యలో దూరాడు. అతనికి గొడవలు పడవు. "అక్కా, ఎప్పుడూ మాదిరి నేను తోలి చూస్తా. ఒక రౌండు పోయి వచ్చి చెప్తా. సరిపోతుంది గదా."

"సరిపోదు. ఒక్క రౌండుకు ఏం తెలుస్తుంది? ఇన్నేళ్లూ అమింజికరై దాకా పోయి వచ్చినావే, దేంట్లోనైనా ఒక్కసారి ఒక్క తప్పు చెప్పినావా?"

కన్నియప్పన్ తల గోక్కున్నాడు. అబద్ధం ఆడడం చేతకాని మనిషి, అడిగితే దొరికిపోతాడు. అడగనంతకాలం దొరకలేదు.

"అమింజికరైయా? సందు చివర్న నాయర్ కొట్టు దాకా పోతా అక్కా. ఒక టీ తాగుతా. వస్తా."

"ఎప్పుడో ఒకసారా, ప్రతిసారా?"

"వానొస్తే టీ గూడా తాగను."

ఆరోగ్యసామికి నవ్వు వచ్చింది గాని ఆమె ముఖం చూసి మింగేశాడు. పదకొండేళ్లు. ఎన్ని వందల చక్రాలో లెక్క లేదు. ప్రతిదానికీ ఆమె చేతులు కట్టుకుని సందు చివరకు చూస్తూ నిలబడింది. ప్రతిసారీ 'సూపర్' అంటే నమ్మింది. అతన్ని కొట్టాలనిపించింది. అంతకన్నా ఎక్కువగా తన్ను తానే కొట్టుకోవాలనిపించింది. అడిగి తెచ్చుకోవలసిన తాళాన్ని అడగడం మానేసింది తనే కదా.

ఆమె చెంగల్రాయుడి ముందుకు పోయి అరచెయ్యి చాపింది. "ఇస్తే పని మొదలుపెడతా. లేదంటే లారీ."

అతను తాళాన్ని చాలాసేపు చూశాడు. ఆమె చేతిలో పెట్టలేదు. చెట్టు వేరు మీద పెట్టాడు. ఆమె తీసుకుని జేబులో వేసుకుంది.

బుల్లెట్టును పెద్ద స్టాండు మీద నిలబెట్టారు. చక్రం నేలకు అందకుండా తిరిగింది. తెగిన ముక్కలు లాగేసి కొత్త స్పోకులు రెండూ ఎక్కించింది. తరవాత మిగిలిన ముప్పై ఎనిమిదింటినీ ఒక్కొక్కటిగా అరచుట్టు వెనక్కి తిప్పింది. విరిగిన ఎర్రగీతల్లో రెండు ముక్కలూ ఎదురెదురుగా వచ్చి అతుక్కునేదాకా తిప్పడమే. ఆ గీతలు లేకపోతే సాయంత్రం దాకా పట్టేది. చట్రానికి చెయ్యి ఆనించి సుద్దముక్క పట్టుకుని చక్రం తిప్పింది. కొత్త రెండింటినీ మీటుతూ, పక్కవాటి గొంతుకు కలిసేదాకా బిగించింది. రోడ్డు మీది రొదలో వినబడక, చెవిని రిమ్ముకు ఆనించింది. చెంప మీద నల్లమరక పడింది.

చిత్తూరు వైపు లారీ ఒకటి నీళ్ల కోసం ఆగింది. డ్రైవరు దిగి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"ఏం సామీ, ఆడమనిషితో పని చేపిస్తా కూచున్నారు? మీ చేతులకు ఏమొచ్చింది?"

"మా చేతులు చేసిందే ఇప్పుడు ఆమె సరిచేస్తా ఉండాది" అన్నాడు ఆరోగ్యసామి. "నువ్వు నీళ్లు పోసుకోని పో నాయనా."

రెండు గంటల్లో పని అయింది. జేబులోంచి చిన్న సీసా తీసి కొత్త స్పోకులకూ ఎర్రగీత గీసింది. గిన్నెలు, దుప్పట్లు నాలుగు బండ్ల మీదికీ పంచింది. అప్పుడు బుల్లెట్టు ఎక్కింది. చెంగల్రాయుడికి జావా మిగిలింది.

ఆ రెండు బండ్లకూ పొత్తు కుదరదు. జావాలో గేరు ఎడమకాలికి, బ్రేకు కుడికాలికి. బుల్లెట్టులో గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఒకదాంట్లో కిందికి తొక్కితే మొదటి గేరు, ఇంకోదాంట్లో పైకి లేపితే. రాజలక్ష్మి షెడ్డుకు వచ్చిన బుల్లెట్లను సందులో ఇటూ అటూ జరపడం తప్ప రోడ్డు మీద నడిపింది లేదు. సందులో రెండో గేరు దాటే చోటే లేదు. రెండు కిలోమీటర్లు పోకముందే గేరు అనుకుని బ్రేకు తొక్కింది. టైరు కీచుమని బండి పక్కకు జారింది. కాలు ఆన్చి నిలబెట్టుకుంది. వెనక నుంచి చెంగల్రాయుడు "అమ్మా, నా బండి!" అని కేక పెట్టాడు. ఆ కేక పెట్టిన మరుక్షణమే అతనూ అదే తప్పు అటునుంచి చేశాడు. జావా గుటుక్కున ఆగిపోయింది.

"బండి సంగతి చూసుకో మామా!" అని ఆమె అరిచింది. వెనక్కి తిరిగి చూడలేదు.

నలభై. యాభై. బుల్లెట్టు దబదబమంటూ సాగింది. ఇన్నాళ్లూ ఇంకొకరిని అడిగి తెలుసుకోవాలని చూసిన సంగతి ఇప్పుడు సీటులోంచి నడుములోకి, పిడిలోంచి మోచేతుల్లోకి వస్తోంది. చక్రం చక్కగా తిరుగుతోంది. అరవైకి వచ్చేదాకా అలాగే ఉంది. అరవైలో ఒక చిన్న వణుకు మొదలైంది. కంటికి కనబడేది కాదు, చెవికి వినబడేది కాదు. చుట్టుకొకసారి, బండి చాలా కొద్దిగా కుడివైపు మొగ్గి సర్దుకుంటోంది. యాభైఅయిదుకు దించితే లేదు. మళ్లీ అరవై, మళ్లీ ఉంది.

ఆంబూరు పొలిమేరలో తోళ్ల వాసన తగలగానే బండి ఆపింది. మిగతావాళ్లు వచ్చేసరికి స్టాండు మీద పెట్టి కుడివైపు స్పోకులు మీటుతోంది.

"మళ్లా ఏమైంది?" చెంగల్రాయుడు హడలిపోయాడు.

"నా చెయ్యి మామా. కుడిచేత్తో ఆఖరి బిగింపు పిసరంత ఎక్కువ పడతా ఉండాది. షెడ్డులో స్టాండు మీద తెలీదు. అరవైలో పోతేనే తెలుస్తుంది." మూడు స్పోకుల్ని పావుచుట్టులో సగం వదులు చేసింది. పాత గీతలు గోటితో గీకేసి కొత్తవి గీసింది. కాసేపు అలాగే కూర్చుంది. "పదకొండేళ్లు ఇదే పిసరుతో పంపినా అన్ని చక్రాలూ. నాయన పోయి వచ్చి రోజూ ఎందుకు మళ్లా బిగించేవాడో ఇప్పుడు తెలిసింది."

కన్నియప్పన్ ఏదో అనబోయాడు.

"నువ్వు సూపర్ అన్నావంటే ఈ స్పోకులు తిప్పే కీతో కొడతా" అంది.

బిర్యానీ తిన్నారు. గిరికి పొట్లం తిరుగుదారిలో కట్టించుకోవాలని అనుకున్నారు. వానియంబాడి దాటి పొన్నేరి దగ్గర కొండ మొదలైంది. ఘాట్ రోడ్డు అంటే ఆమె భయపడింది నిజమే. అయితే మొదటి మలుపు ఎక్కగానే ఒక సంగతి బోధపడింది. ఇక్కడ కావలసినవి మొదటి గేరు, రెండో గేరు, అంతే. ఆ రెండూ ఆమెకు సందులో వచ్చినవే. మూడు అడుగుల వెడల్పులో, సైకిళ్లనూ నీళ్ల బిందెలనూ తప్పించుకుంటూ వందల బుల్లెట్లను జరిపిన చెయ్యి అది. మలుపు దగ్గర రెండు నుంచి ఒకటికి, దాటాక ఒకటి నుంచి రెండుకి. వెనక చక్రం రాయిలా నిలబడింది. పద్నాలుగో మలుపు తిరిగి, చదునైన రోడ్డు మీదికి వచ్చి, పనసచెట్ల కింద ఇంజను ఆపింది.

కన్నియప్పన్ వచ్చాడు. ఆరోగ్యసామి వచ్చాడు. పావుగంట గడిచింది. జావా చప్పుడు కింద ఎక్కడో ఆగుతూ, మొదలవుతూ వినబడుతోంది.

"దిగి చూద్దామా?" అన్నాడు ఆరోగ్యసామి.

"ఎవరి బండి వాళ్లదే" అంది రాజలక్ష్మి. తరవాత, "అది నా బండేలే. ఇంకో అయిదు నిముషాలు చూద్దాం" అంది.

చెంగల్రాయుడు వచ్చాడు. ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది. జావా అద్దం లేదు. ముఖం మీద పొగ, దుమ్ము, చెమట కలిసి మీసం ఎక్కడుందో తెలియడం లేదు. బండి దిగి రోడ్డు అంచున కూలబడ్డాడు.

"మూడో మలుపులో బ్రేకనుకోని గేరు తొక్కినా. ఏడో మలుపులో గేరనుకోని బ్రేకు తొక్కినా. తొమ్మిదిలో ఏం తొక్కినానో ఆ దేవుడికే తెలుసు. ఆదికేశవులు దీన్ని ఎట్లా ఎక్కించేవాడురా సామీ!"

"చక్రం ఎట్లుండాది మామా?"

"ఏ చక్రం?"

"జావాది. అదీ నేను చేసిందే."

అతను ఆమెను ఎగాదిగా చూశాడు. నవ్వు రాకూడదని చాలా ప్రయత్నించాడు. "చక్రం బాగానే ఉండాది. నేనే వంకర పోయినా." అద్దం సంగతి చెప్పబోతే ఆమె చెయ్యి ఊపేసింది. అతను బట్టలు దులుపుకుని లేచి, చెయ్యి చాపాడు. "సరి పాపా. పైకొచ్చినావు. ప్రతి ఏడూ రా, నా మాట మాటే. ఇంక తాళం ఇయ్యి."

రాజలక్ష్మి బుల్లెట్టు తాళాన్ని చొక్కా జేబులో వేసి గుండీ పెట్టింది.

"రేపు ఇస్తా. ఎక్కేటప్పుడు చక్రం ఎట్లా నిలిచిందో చూసినా. దిగేటప్పుడు బ్రేకు పడితే ఎట్లా నిలుస్తుందో చూడొద్దా? దిగినాక ఇస్తా."

"అన్నేళ్లు మీ నాయనతో తిరిగినా. ఇంత మొండోడు గాదు ఆయన!"

"ఆయనతో ఎవరూ తాళం అడిగించుకోలేదు మామా" అంది. "అడగకుండానే ఇచ్చినారు."

స్టవ్వు దించారు. బియ్యం ఎవరు కడుగుతారని ఎవరూ అడగలేదు. కన్నియప్పన్ గిన్నె పట్టుకుని కుళాయి వెతుక్కుంటూ పోయాడు.

సోమవారం పొద్దున షెడ్డు తెరిచేసరికి ఒక మెడికల్ రెప్రజెంటేటివు వంకరపోయిన ముందుచక్రంతో నిలబడి ఉన్నాడు. మధ్యాహ్నానికి చక్రం సిద్ధమైంది. అతను కన్నియప్పన్ షెడ్డు వైపు చూశాడు, అలవాటు ప్రకారం. కన్నియప్పన్ లేతు మీది నుంచి తల ఎత్తలేదు. రాజలక్ష్మి అరచెయ్యి చాపి నిలబడింది.

"తాళం."

"మీరు తోలతారా?"

"బెండు తీసింది నేను గదా."

అతను వద్దన్నాడు. తోలి చూడనిది అయిన పని కాదంటూ ఆమె చక్రాన్ని బండికి బిగించి, పని కూలి తీసుకోకుండా, ఎర్రగీత గీయకుండా ఇచ్చేసింది. ఆ మొదటి నెలలో అలా ముగ్గురు తాళం ఇవ్వకుండా పోయారు. ఇద్దరు మళ్లీ వచ్చారు. మూడో అతను రాలేదు. అతని చక్రం ఏమైందో ఆమె ఎవరినీ అడగలేదు. ఆమె రోజూ సాయంత్రం ఎవరిదో ఒక బండి మీద అమింజికరై దాకా పోయి వచ్చేది. నాయర్ కొట్టు ముందు నుంచే పోయేది, ఆగేది కాదు.